రద్దయిన ఊరు

ఫిబ్రవరి 4, ఆదివారం

రక్తపు మరకలకు చన్నీళ్ళే మేలు. లాంబెర్ చొక్కాను రెండోసారి నానబెట్టి వచ్చాను. ఆ రక్తం తనది కాదని మా ఆయన మురిసిపోతున్నాడు. ముఖం కడుక్కుంటూ ఈల కూడా వేశాడు. అతని ఈల విని ఎన్నాళ్ళయిందో.

ఈ ఊరు తమ భాషదేనంటూ ఫ్లెమిష్ వాళ్ళు ఈసారీ బస్సుల్లోనే వచ్చారు. జెండాలు, డప్పులు, పాటలు. దానికి 'ఆదివారం నడక' అని పేరు. నడవడానికి వాళ్ళ ఊళ్ళల్లో రోడ్లు లేనట్టు! మావాళ్ళు చర్చి వెనక సందులో కంచె గుంజలు పట్టుకుని కాచుకున్నారు. నేను బేకరీ మెట్ల మీద నిలబడి చూశాను. ముందు తిట్లు. బస్సుల్లో వచ్చినవాళ్ళ తిట్లు మాకు సగమే అర్థమయ్యాయి. మా ఊళ్ళోనే ఉండి వాళ్ళ పక్షం చేరినవాళ్ళవి మాత్రం బాగా అర్థమయ్యాయి. మాదీ వాళ్ళదీ ఒకే యాస కదా. తర్వాత ఒక రాయి. ఎటు నుంచి వచ్చిందో తెలియదు. మా వైపు నుంచే. ఆ తర్వాత మనుషులు కనపడలేదు, చేతులూ కర్రలూ తప్ప. కళ్ళజోడు మనిషి ఒకడు మోకాళ్ళ మీద కూలబడి రాళ్ళ మధ్య తన పన్ను వెతుక్కుంటున్నాడు. మా దగ్గర పనిచేసే కొలాస్ వెళ్ళి అతని వేళ్ళను బూటు మడమతో తొక్కాడు. చప్పుడు బేకరీ దాకా వినిపించింది.

ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు.

సెర్వాస్ అన్నయ్య వాళ్ళ వరుసలో ముందున్నాడు. నన్ను చూసి టోపీ ఎత్తాడు. అప్పుడే ఎవరో వెనక నుంచి అతని వీపు మీద గుంజతో బాదారు. ఎవరో నేను చూడలేదు.

ఫిబ్రవరి 6

లాంబెర్ భోజనాల బల్ల మీద పాత పంచాయతీ ఇంటి తాళంచెవులు పరుచుకుని నూనె రాస్తూ కూర్చున్నాడు. రెండేళ్ళయింది, ఆ ఇంట్లో ఎవరూ కూర్చోరు. అయినా తాళంచెవులు ఇమ్మని కొత్తవాళ్ళు అడిగితే ఇతను ఇవ్వలేదు.

"నేను అడిగానా? నువ్వు అడిగావా? ఊళ్ళో ఒక్కడైనా అడిగాడా?" అన్నాడు.

"ఎవరూ అడగలేదు."

"మరి? పొద్దున లేచేసరికి ఫ్రెంచి లియేజ్ జిల్లా వాళ్ళం కాస్తా ఫ్లెమిష్ లింబుర్గ్ జిల్లా వాళ్ళమైపోయాం. బ్రస్సెల్స్‌లో ఎవడో కూర్చుని గీత జరిపాడు. సరే, ఓర్చుకున్నాం. ఊరైనా మిగిలిందిలే అనుకున్నాం. ఇప్పుడు ఉల్స్‌బీక్ అనే పంచాయతీయే లేదట! ఆరూళ్ళు కలిపి కుప్ప పోసి, దానికో పేరు పెట్టి, నువ్వింక ఇంటికి పోవోయ్ అంటే, పోవాలా?"

"పోయావుగా, రెండేళ్ళ కింద."

అనకుండా ఉండాల్సింది. తాళంచెవులు గోడకేసి కొట్టాడు. ఒకటి నా చెవి పక్కనుంచే వెళ్ళింది. తర్వాత వంగి అన్నీ ఏరుకున్నాడు, ఒక్కొక్కటీ తుడిచి. పద్దెనిమిదేళ్ళు మేయరుగా చేశాడు. ఈ ఊరికి తారు రోడ్డు వేయించింది అతనే. ఇక్కడి పెళ్ళిళ్ళన్నీ ఆ పంచాయతీ ఇంటి మేడ మీది గదిలో అతని ఎదుటే జరిగాయి. వీధిలో కనపడ్డ ప్రతి జంటనూ తన సొంత సరుకులా చూసుకునేవాడు. అతని బాధ నాకు తెలుసు.

చెంప మీద గీత చిన్నదే.

ఫిబ్రవరి 9

ఆవులు పాలు తక్కువిచ్చాయి. లాంబెర్ తాళంచెవులకు మళ్ళీ నూనె రాశాడు.

ఫిబ్రవరి 17, శనివారం

జోసె కొట్లో ఫీన్ వదిన ఎదురుపడింది. తప్పించుకుందామంటే గుమ్మం ఒకటే. జోసె మా పక్షం, నోరు ఊరుకోదు.

"వెన్న ఏ భాషలో ఇమ్మంటావు ఫీన్?" అంది.

"తినే భాషలో ఇవ్వు," అంది వదిన.

కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు, నేను కూడా. వదిన నా వైపు తిరిగింది.

"మీ ఆయన ఇంకా మేయరు గారేనా?"

"బయట సంగతి తెలీదు. ఇంట్లో మాత్రం నేనే."

ఆవిడ మూతి మీదకి నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మీ అన్నయ్య వీపంతా కమిలి నల్లగా అయిపోయింది. పక్క మీద వాలలేక బోర్లా పడుకుంటున్నాడు. కొట్టిందెవరో నీకు తెలుసు."

"నేను చూడలేదు వదినా."

"నువ్వెప్పుడు చూశావు గనక!"

వెన్న తీసుకుని వెళ్ళిపోయింది. చిల్లర మర్చిపోయింది. జోసె ఆ చిల్లర గల్లాలో వేసుకుంటుంటే నేను అటు తిరిగాను.

మార్చి 2, శుక్రవారం

సెర్వాస్ అన్నయ్య వచ్చాడు. దొడ్డి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. అతను కొత్త పంచాయతీలో సభ్యుడు, పైగా వడ్రంగి. పాత పంచాయతీ ఇంటి తాళాలు మార్చే పని, గుమ్మం మీద 'ఉల్స్‌బీక్ పంచాయతీ' అని చెక్కిన రాతిఫలకం దించే పని అతనికే అప్పగించారట.

"మంగళవారం దించుతాను. ఆ పూట మీ ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టు చెల్లీ."

"నువ్వెందుకు ఒప్పుకున్నావు? ఇంకెవరూ దొరకలేదా?"

"దొరికారు. హాసెల్ట్ జిల్లా ఆఫీసు నుంచి ఎవణ్ణో పంపిస్తామన్నారు. వాడు సమ్మెట తెచ్చి ముక్కలు చేసి పోతాడు. నేనైతే పగలకుండా దించుతాను. ఎక్కడ దాచుకుంటాడో దాచుకోమను. ఇదీ చెప్పు ఆయనకి."

చెప్పాను. లాంబెర్ అంతా విన్నాడు. 'మంగళవారమా' అన్నాడు, అంతే. ఇంట్లో ఉండమనే నేను చెప్పింది. రెండుసార్లు చెప్పాను. సాయంత్రం కొలాస్, మరో ఇద్దరు మనుషులు వచ్చి వంటింట్లో బీరు తాగి వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. కోళ్ళ పని ఉండి బయటికి పోయాను.

మార్చి 6, మంగళవారం

ఏం జరిగిందో రాస్తాను. ఉన్నది ఉన్నట్టు.

లాంబెర్ పొద్దున్నే కొలాస్‌నీ ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని పాత పంచాయతీ ఇంట్లోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు. తలుపు వెనక బల్లలు, ఇనప బీరువా అడ్డం వేశారు. కిటికీలోంచి మన జెండా వేలాడదీశారు. గంటలో ఊరంతా వీధిలోకి వచ్చింది. ఇటు మేం, అటు వాళ్ళు, మధ్యలో నలుగురు పోలీసులు. పాపం, ఎవరిని ఆపాలో వాళ్ళకే తెలియదు.

సెర్వాస్ నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. వెనకే ఫీన్ వదినా, కొడుకు టూనూ. మావాళ్ళు దారివ్వలేదు. నిచ్చెన మెట్లు పట్టుకుని ఇటు లాగారు, అటు లాగారు. టూన్ మొహం మీద ఎవరో ఉమ్మేశారు. టూన్ ఆ మనిషిని గొంతు పట్టుకుని గోడకేసి నొక్కాడు, కాళ్ళు గాల్లోకి లేచేదాకా. అప్పుడు మొదలైంది. పోలీసు టోపీ ఒకటి కాల్వలో పడింది. జోసె, అరవై దాటిన మనిషి, చేతిసంచీలో రాయి వేసుకొచ్చింది! ఆ సంచీ గిరగిరా తిప్పి ఎవరినో కణత మీద కొట్టింది. వాడు చప్పుడు లేకుండా కూర్చుండిపోయాడు. పైన కిటికీలోంచి కుర్చీలు పడుతున్నాయి. పెళ్ళిళ్ళకు వేసే కుర్చీలు.

ఈ గోలలో సెర్వాస్ నిచ్చెన నిలబెట్టేశాడు. ఎక్కుతున్నాడు. చేతిలో గునపం. పైకి చూసి అరిచాడు:

"బావా! ముక్క కూడా పోనివ్వను! వదిలెయ్యి!"

పైనుంచి లాంబెర్ గొంతు: "నిచ్చెన దిగు సెర్వాస్!"

"నువ్వు మెట్లు దిగు, నేను నిచ్చెన దిగుతా!"

జనం నవ్వారు. రెండు పక్షాలూ నవ్వాయి. ఆ నవ్వు వినిపిస్తుండగానే తుపాకి పేలింది.

అన్నయ్య నిచ్చెన మీంచి వెనక్కి, పడుకున్నట్టే పడ్డాడు. మొహం ఎడమ సగం ఎర్రగా, పచ్చి మాంసంలా ఉంది. అతను కేక వేయలేదు. కేకలన్నీ వదినవే.

కాల్చింది ఎవరో నేను చూడలేదు. ఆ సమయంలో వంగి బూటు తాడు కట్టుకుంటున్నాను.

మార్చి 7

పోలీసు అధికారి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఎక్కడ నిలబడ్డారు, ఎటు చూస్తున్నారు, కాల్పులు ఏ కిటికీలోంచి వచ్చాయి అని అడిగాడు. నా తలగుడ్డ కింద పడితే తీసుకోవడానికి వంగానని, ఏమీ చూడలేదని చెప్పాను. లాంబెర్ పక్కనే కూర్చుని రొట్టెకు వెన్న రాస్తున్నాడు, అంచుల దాకా, ఓపిగ్గా.

మార్చి 8

లాంబెర్ మేడ మీద వెనక గదిలో ఉన్నాడట. కాల్చినప్పుడు వీధి వైపే లేడట. తనే చెప్పాడు. మళ్ళీ చెప్పాడు.

మార్చి 10, శనివారం

లియేజ్ ఆస్పత్రికి వెళ్ళాను. అన్నయ్యను అక్కడే చేర్చారు. హాసెల్ట్ దాకా తీసుకుపోయే వ్యవధి ఎక్కడిది? ప్రాణం మీదకి వస్తే ఏ జిల్లా అని చూస్తామా, దగ్గరి ఊరికే పరుగెడతాం.

వార్డు గుమ్మంలోనే ఫీన్ వదిన అడ్డం నిలబడింది. చేతిలో ఆరెంజి పళ్ళు పట్టుకుని వెళ్ళాను.

"కన్ను తీసేశారు," అంది. "ఎడమది. తుపాకి రవ్వలు ఇంకా చెంపలో ఉన్నాయి."

"అన్నయ్యను ఒకసారి..."

కొట్టింది. అరచేత్తో కాదు, పిడికిలితో. ఆరెంజిలు దొర్లిపోయాయి. ఒక నర్సు పరుగెత్తుకొచ్చి ఆవిణ్ణి పట్టుకుంది. పట్టుకున్నా ఆవిడ ఊరుకోలేదు.

"తలగుడ్డట! తలగుడ్డ పడిందట! ఆ రోజు నీ తల మీద గుడ్డే లేదే ఓడిల్! నేను నీ పక్కనే ఉన్నాను!"

కింది పెదవి చిట్లింది. తిరుగు బస్సులో ఒకావిడ చేతిరుమాలు ఇచ్చింది. పడ్డానని చెప్పాను.

మార్చి 15

కొలాస్‌ను పట్టుకెళ్ళారు. తుపాకి అతనిదే. నవ్వుతూనే జీపెక్కాడు. "మేయరు గారి మీద మాట రానివ్వను మేడమ్, మీరు ధైర్యంగా ఉండండి," అని నా చెవిలో అన్నాడు.

లోపలికొచ్చి లాంబెర్‌తో చెప్పాను. "గట్టివాడు, భరిస్తాడు," అన్నాడు. భోజనం ఎప్పటిలాగే చేశాడు. పంది మాంసం రెండోసారి వడ్డించమన్నాడు.

మా గుంపు వాళ్ళు వచ్చి కొలాస్ పేరు గోడల మీద రాస్తామన్నారు. వీరుడట. లాంబెర్ రంగు డబ్బా ఇచ్చాడు.

మార్చి 19, సోమవారం

తెల్లవారుతోంది. పాలు పితుకుతున్నాం. కుక్క అరిచింది, అరుపు మధ్యలోనే ఆగిపోయింది. లాంబెర్ లేచి బయటికి పరుగెత్తాడు. నేను బకెట్టు పక్కకి జరిపి వెళ్ళాను.

తోటలో మనుషులు. మొహాలకు మఫ్లర్లు చుట్టుకున్నారు. బేరి చెట్లకు గొడ్డళ్ళతో నడుం చుట్టూ బెరడు ఒలిచేస్తున్నారు. తెల్లటి వలయాలు చెట్టు తర్వాత చెట్టుకు. అలా ఒలిస్తే చెట్టు నిలబడే ఉంటుంది కానీ చచ్చిపోతుంది. లాంబెర్ తాత నాటిన చెట్లు. కుక్క కంచె పక్కన పడి ఉంది.

లాంబెర్ ఒట్టి చేతులతో వాళ్ళ మీదికి దూకాడు. ఒకణ్ణి కింద పడేశాడు కూడా. మిగతావాళ్ళు చుట్టుముట్టారు. గొడ్డలి కామాలతో కొట్టారు. భుజాలు, మోకాళ్ళు, మోచేతులు. పనివాళ్ళు మొద్దు చీల్చినట్టు, వంతులేసుకుని. లాంబెర్ తల కింద పెట్టుకుని ముడుచుకుపోయాడు. "దేవుడా" అనలేదు, "అమ్మా" అనలేదు. "నా ఊరు! నా ఊరు!" అంటున్నాడు. ఒకడు అతని నోటి మీద తన్నాడు, ఆ మాట ఆపడానికి.

పేడ ఎత్తే శూలం నా చేతిలో ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. దగ్గరున్నవాడి తొడలో పొడిచాను. దిగిపోయింది. ఎముకకు తగిలి ఆగింది. మెలితిప్పి లాగాల్సి వచ్చింది. వాడు గింజుకుంటూ నా కళ్ళలోకి చూశాడు. మఫ్లరు మీద కళ్ళొక్కటే. ఏదో అనబోయి, కుంటుకుంటూ పోయాడు. మిగతావాళ్ళు వాణ్ణి ఈడ్చుకుపోయారు.

లాంబెర్‌కు రెండు పక్కటెముకలు విరిగాయి. మూతి వాచిపోయింది. "చంపెయ్యాల్సింది వాణ్ణి," అన్నాడు నాతో, మెచ్చుకోలుగా. పెళ్ళయ్యాక అతను నన్ను అంత ప్రేమగా చూసిన రోజు నాకు గుర్తులేదు.

నేను పొడిచింది ఎవరో బయటివాణ్ణి.

మార్చి 20

బయటివాడే. బస్సుల్లో వచ్చే రకం.

మార్చి 22, గురువారం

జోసె కొట్లో ఎవరూ లేరు. తనే అంది:

"విన్నావా, మీ అన్నయ్య కొడుకు టూన్ మంచం ఎక్కాడట. పొలం దున్నే ఇనప పళ్ళచట్రం మీద పడ్డాడట. సోమవారం."

"పళ్ళచట్రం మీద పడితే దెబ్బలు తగులుతాయి," అన్నాను.

"తొడ రొట్టెలా పొంగిందట. పాలవాడు చెప్పాడు. గదిలోకి పోతే వాసనట, ఎలక చచ్చినట్టు. ఫీన్ క్యాబేజీ ఆకులు కడుతోంది. డాక్టర్ని పిలవరు. ఎందుకు పిలుస్తారు? పిలిస్తే ఆ గాయం ఎక్కడిదని అడుగుతాడుగా. మన తోట నరికినవాళ్ళెవరో తేలిపోతుందిగా!" జోసె కళ్ళు మెరుస్తున్నాయి. "దేవుడే చూసుకున్నాడు ఓడిల్."

కాఫీ పొడి కొనుక్కుని ఇంటికొచ్చాను. పళ్ళచట్రం మీదే పడి ఉంటాడు.

శూలం దొడ్లోనే ఉంది. దాని పళ్ళకు ఎప్పుడూ ఉండే పేడే.

టూన్ కళ్ళు మా నాన్న కళ్ళు. ఆకుపచ్చవి, ఒకదాంట్లో గోధుమరంగు చుక్క. మఫ్లరు కట్టినంత మాత్రాన అవి దాగుతాయా. పొడవకముందే చూశాను. పొడవకముందే.

మార్చి 24, శనివారం. లియేజ్, ఆస్పత్రి

నిన్న రాయలేదు. ఇవాళ రాస్తున్నాను.

శుక్రవారం పొద్దున లాంబెర్ నడుముకు పట్టీ బిగించుకుని వెళ్ళిపోయాడు. కొత్త జిల్లా గవర్నరు వస్తున్నాడని మావాళ్ళు ఊరి చివర రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్లు పెట్టి టైర్లు తగలబెడుతున్నారు. పొగ మా వంటింట్లోంచి కనపడింది. నేను కారు తీసి సెర్వాస్ ఇంటికి వెళ్ళాను.

తలుపు అన్నయ్యే తీశాడు. కన్ను మీద గుడ్డ. ఉన్న కన్నుతో నన్ను చూస్తూ నిలబడ్డాడు.

"టూన్‌ది పళ్ళచట్రం దెబ్బ కాదు," అన్నాను. "పేడ శూలం. నేను పొడిచాను. అది మామూలు వాపు కాదన్నయ్యా, వాణ్ణి ఇప్పుడే ఆస్పత్రికి తీసుకుపోవాలి."

వెనకనుంచి ఫీన్ వదిన వచ్చింది. వింది. పొయ్యి దగ్గరి ఇనప కడ్డీ తీసుకుని నా మీదికి వచ్చింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది పడకుండా సెర్వాస్ ఆమె చేయి పట్టుకున్నాడు.

"తర్వాత కొట్టు," అన్నాడు. "ముందు వాడి కాళ్ళు పట్టుకో."

దుప్పటిలో వేసుకుని ముగ్గురం మోశాం. తొడ నల్లగా, నున్నగా ఉంది. ముట్టుకుంటే చర్మం కింద కరకరమన్న చప్పుడు. టూన్ పలవరిస్తున్నాడు. వెనక సీట్లో వదిన ఒళ్ళో వాడి తల పెట్టుకుంది. సెర్వాస్‌కు ఒంటి కన్నుతో నడపడం రాదు. నేనే నడిపాను. లియేజ్‌కు రోడ్డు ఒకటే, ఆ పొగలోంచే.

కారు ఆపారు. మనవాళ్ళే. లోపల సెర్వాస్‌ను చూసి కేరింతలు కొట్టారు. బానెట్టు మీద గుద్దారు. ఒకడు గునపంతో దీపం పగలగొట్టాడు. "గుడ్డి వడ్రంగీ, ఇక్కడ నిచ్చెన లేదురా!" అని ఎవరో అరిచారు. నేను దిగాను. లాంబెర్ మంటల ముందు నిలబడి ఉన్నాడు.

"దారి వదులు. టూన్ చచ్చిపోతున్నాడు."

"మన చెట్లు నరికినవాడు."

"వాడే. దారి వదులు."

"హాసెల్ట్ తీసుకుపొమ్మను. వాళ్ళ జిల్లా అది. మా లియేజ్ దేనికి ఇప్పుడు?"

చుట్టూ నవ్వారు. ఆ నవ్వుల్లో అన్నయ్య కారు దిగాడు. వెళ్ళి మండుతున్న టైరును ఒట్టి చేతులతో పట్టుకుని పక్కకు లాగడం మొదలెట్టాడు. చర్మం కాలుతున్న వాసన వచ్చింది. ఎవరో అతని వీపు మీద తన్నారు. బోర్లా పడ్డాడు. లేచాడు. మళ్ళీ టైరు పట్టుకున్నాడు. మళ్ళీ తన్నారు.

అప్పుడు నేను అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"వినండర్రా! ఆ రోజు కాల్చింది కొలాస్ కాదు! లాంబెర్! పెళ్ళిగది కిటికీలోంచి, ఎడమ వైపు కిటికీ! నేను బూటు తాడు కట్టుకోలేదు, తలగుడ్డ తీసుకోలేదు, వంగనే లేదు! నిలబడి చూశాను! మా అన్నయ్య మొహానికి గురిపెట్టడం చూశాను. నిచ్చెన మీది మనిషిని! కొలాస్ వీడి బదులు జైల్లో ఉన్నాడు, వీడు ఇంట్లో కూర్చుని రెండోసారి మాంసం వడ్డించుకున్నాడు!"

తన్నడం ఆగింది. లాంబెర్ నా దగ్గరికి వచ్చాడు. పక్కటెముకలు నొప్పి పెడుతున్నాయేమో, వంకరగా నడుస్తున్నాడు. జుట్టు పట్టుకుని నా తలను కారు తలుపుకేసి కొట్టాడు. ఒకసారి. ఇంకోసారి.

"పద్దెనిమిదేళ్ళు చేశాను ఈ ఊరికి! ఎవరి కోసం చేశాననుకున్నావే?"

ఎవరూ అడ్డం రాలేదు. కానీ అతని వెనక ఎవరూ నిలబడలేదు కూడా. గునపం పట్టుకున్నవాడు దాన్ని కింద పెట్టాడు. కొలాస్ స్నేహితుడు ఒకడు వెళ్ళి ట్రాక్టరు ఎక్కి వెనక్కి తీశాడు. మరొకడు సెర్వాస్‌ను చంకల కింద పట్టి లేపాడు.

లాంబెర్ ఒక్కడే రోడ్డు మధ్యలో మిగిలాడు. చేతులు చాపి. నేను కారెక్కాను. నుదుటి రక్తం కంట్లోకి కారుతోంది. హారన్ కొట్టలేదు. ఆగుతానని అతను అనుకున్నాడు. నేనూ ఆగుతాననే అనుకున్నాను. కారు అతని తుంటికి తగిలి, అతను గడ్డిలోకి దొర్లాడు. అద్దంలో చూశాను. లేచి కూర్చుంటున్నాడు. టోపీ వెతుక్కుంటున్నాడు.

ఆస్పత్రి దాకా ఎక్కడా ఆపలేదు.

మార్చి 25, ఆదివారం

కాలు తొడ పైదాకా తీసేశారు. ఇంకో రోజు ఆలస్యమైతే మనిషే దక్కేవాడు కాదన్నారు. అంతకుముందే వచ్చి ఉంటే కాలు మిగిలేదేమో అని మాత్రం ఎవరూ అనలేదు. గురువారం నేను కాఫీ పొడి కొనుక్కుని ఇంటికి పోయాను.

పోలీసు అధికారి ఇక్కడికే వచ్చాడు. తుపాకి సంగతి, శూలం సంగతి, కారు సంగతి చెప్పాను. సంతకం పెట్టాను. నన్నూ కోర్టుకు పిలుస్తారట. పిలవనీ. కొలాస్‌ను ఈ వారంలో వదిలేస్తారు. లాంబెర్ అరెస్టయ్యాడు. లింబుర్గ్ కోర్టులో నోరు విప్పనని, లియేజ్ తీసుకెళ్తేనే మాట్లాడతానని పట్టుబట్టాడట. చెప్తూ అధికారి తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు.

సెర్వాస్ అన్నయ్య రెండు చేతులకూ కట్లు. బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. "ఆ ఫలకం ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు దించడానికి నాకు చేతులు లేవు," అన్నాడు. నవ్వాడో ఏడ్చాడో, గుడ్డ అడ్డం ఉండి తెలియలేదు.

మధ్యాహ్నం టూన్‌కు తెలివొచ్చింది. నర్సు వార్డు తలుపు దగ్గర నన్ను ఆపింది. ఇంటివాళ్ళకు మాత్రమే అంది. ఈవిడ ఎవరు అంది. ఫీన్ వదిన నా వైపు చాలాసేపు చూసింది. నా నుదుటి కట్టు, పెదవి మీది మచ్చ, తను కొట్టిన భుజం.

"వాడి మేనత్త," అంది. "పొడిచిందీ ఈవిడే. తీసుకొచ్చిందీ ఈవిడే. రానివ్వండి."

మంచం పక్కన నిలబడ్డాను. వాడు నన్ను గుర్తుపట్టాడు. తిడతాడనుకున్నాను. సిద్ధపడే వెళ్ళాను.

"అత్తా, కాలు దురద పెడుతోంది," అన్నాడు, గొంతు పీలగా. "ఎవరికి చెప్పినా వినట్లేదు."

"ఎక్కడరా?"

"పాదం మీద. పక్కకి."

దుప్పటి చదునుగా ఉన్న చోట చేయి పెట్టి మెల్లగా గోకాను. ఇంకొంచెం కిందకి అన్నాడు. కిందకి గోకాను. వాడు కళ్ళు మూసుకున్నాడు.